కోడె మీద తీర్మానం

తెలివి మరీ ఎక్కువై ఏం చేసుకోవాలో తెలియని పల్లెలు అయిదు ఉండేవి. లోకంలో దేశాలన్నీ ఒకచోట కూర్చుని తగాదాలు తీర్చుకుంటాయని రేడియోలో విన్నారు. "బుర్రలు వాళ్ళకేనా ఉండేది?" అనుకున్నారు. అంతే, పల్లెకో పెద్దమనిషి, పెద్దమనిషికో కుర్చీ, సమితి తయారు! అయిదుగురూ చెయ్యెత్తితేనే పని జరగాలి, ఒక్కరు ఊహూ అన్నా ఆగిపోవాలి. ఆ నియమం విని ఓబయ్య అనే రైతు పొంగిపోయాడు. ఇంత గట్టి సమితి ఉండగా చేనుకు కంచె దండగని, పీకి పొయ్యిలోకి మోసుకుపోయాడు.

మర్నాడే ఒక కోడె అతని జొన్నచేలో పడింది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అది. ఓబయ్య లబోదిబోమంటూ సమితికి పరుగెత్తాడు.

"సామీ, తోలేయండి!"

నాలుగు చేతులు లేచాయి. అయిదో కుర్చీ గురవప్పది. కోడె కూడా ఆయనదే. "ఊహూ," అన్నాడు. ఇంకేముంది, ఆగిపోయింది.

"తీవ్ర ఆందోళన" తెలపడానికి మాత్రం అయిదు చేతులూ లేచాయి. ఆ తీర్మానం రాసిన కాగితాన్ని ఓబయ్యే కోడె ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. అది నములుతూ వింది.

"ఎదురు చెప్పలేదు కదా, ఒప్పుకున్నట్టే!" అన్నారు పెద్దలు.

తర్వాత ఆంక్షలు పెట్టారు. కోడెకు ఎవరూ గడ్డిపరక వెయ్యకూడదు. గడ్డి దొరకని కోడె జొన్న రెట్టింపు మేసింది. ఆపైన నీలం తలపాగాల శాంతిదళం దిగింది. రెండు పక్షాల మధ్య నిలబడమన్నారు, నిలబడ్డారు. కడుపు మండి ఓబయ్య కర్రెత్తితే లాక్కున్నారు.

"శాంతి, ఓబయ్యా! అది నిన్నేమన్నా పొడిచిందా?"

నిజమే కదా అనుకున్నాడు ఓబయ్య. ఏడుపు మాత్రం ఆగలేదు.

మూడోనాటికి చేలో మోళ్ళు మిగిలాయి. కోడె దానంతటదే ఇంటికి పోయింది. శాంతి నెలకొందని సమితి డప్పు కొట్టించింది. ఓబయ్య ఇంట్లో ఎవరూ ఆకలితో ఉండరాదని తీర్మానించి, ఆ కాగితం అతని చేతిలో పెట్టింది.

"ఏం తెచ్చినావు?" అంది పెళ్ళాం తిమ్మక్క.

"తిండి! సమితి ఇచ్చింది."

తిమ్మక్క కాగితాన్ని శుభ్రంగా కడిగి, కుండలో వేసి, మిగిలిన కంచె కట్టెలన్నీ పెట్టి ఉడికించింది. గరిటెతో రుచి చూసి, "ఉప్పు చాల్లేదు," అంది.

ఓబయ్య గబుక్కున ఉప్పుచట్టి లాక్కున్నాడు.

"నీకేమన్నా మతిపోయిందా? ఉప్పెయ్యాలంటే గురవప్ప చెయ్యెత్తద్దూ!"

అని సమితికి పరుగెత్తాడు. తానొచ్చేదాకా ఖాళీ కంచాల ముందు చేతులెత్తి కూర్చోమని పిల్లలకు మరీ మరీ చెప్పి పోయాడు.