ముత్తాతని రంగం ఓడ ఎక్కనివ్వని సంగానివారు

సంగానివారికి తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అన్నారు. ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురు. అన్న నూకరాజు, తమ్ముడు చిట్టెబ్బాయి, నూకరాజు భార్య లోవమ్మ. ముగ్గురిదీ ఒకటే పట్టు, మాటంటే మాటే. ఉన్న అర్థం వదిలేసి లేని అర్థం వెతుక్కునేవాడే తెలివితక్కువవాడని నూకరాజు అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళకి చెప్పేవాడు. ఒకసారి బస్సులో కండక్టరు "ముందుకి జరగండి, జరుగుతూనే ఉండండి" అన్నాడు. ఇంకేముంది, నూకరాజు జరిగి జరిగి ముందు గుమ్మంలోంచి దిగిపోయాడు. బస్సు వెళ్ళిపోయాక కూడా రోడ్డు మీద జరుగుతూనే ఉండి చీకటి పడే వేళకి ఇల్లు చేరాడు. "అంతమందిలో ఆయన మాట విన్నది మనమొక్కళ్ళమే" అన్నాడు. లోవమ్మ దిష్టి తీసింది.

ఆ ఇంటికి ఇల్లే పెద్ద బెంగ. పెంకులు పగిలిపోయాయి, వాసాలు చివికిపోయాయి, ఇంకో వానకాలం నిలబడేలా లేదు. ప్రభుత్వం వారు కొత్త ఇల్లు కట్టిస్తామంటే వెళ్ళి అర్జీ పెట్టారు. ఆఫీసరు గారు కాగితాలు తిరగేసి, కళ్ళజోడు పైకి తోసి అన్నాడు.

"స్థలం సంగాని పుల్లయ్య పేర ఉంది. ఎవరాయన?"

"మా ముత్తాతండి" అన్నాడు నూకరాజు. "రంగం వెళ్ళాడండి."

రంగం అంటే రంగూన్. పాత రోజుల్లో మన కోస్తావాళ్ళు తెరచాప ఓడలెక్కి అక్కడికి పనికి పోయేవాళ్ళు. పుల్లయ్య కూడా అలాగే పోయాడు, మళ్ళీ కబురు లేదు.

"అయితే ఆయన సంతకం తేండి. లేదా పోయినట్టు కాగితం తేండి. సోమవారంలోగా రాకపోతే ఇల్లు ఇంకొకరికి రాసేస్తాం."

"పోయాడని కబురు రాలేదు కదండీ. కబురు రాకుండా మనిషిని ఎలా చంపుతాం? సంతకమే తెస్తాం" అన్నాడు నూకరాజు. ఆఫీసరు తల ఊపి తర్వాతి వాణ్ణి పిలిచాడు. నూటయాభై ఏళ్ళ కిందట పుట్టినవాడి సంతకం ఎలా తెస్తారయ్యా అని అడగాల్సిన మనిషి ఆయన. అడగలేదు. వీళ్ళకి తెలివి లేదు, సరే. ఆయనకి ఉంది, దాన్ని బల్ల సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు. నాకు కోపం ఆయన మీదే.

ముగ్గురూ దిగాలుగా ఇంటికొస్తుంటే పక్కింటి మాస్టారు ఎదురొచ్చి సంగతి విన్నాడు. వాళ్ళని కాసేపు మరిపిద్దామనుకున్నాడు పాపం. "గోదారి సముద్రంలో కలిసే చోట పాత ఓడల రేవని కొత్తగా పెట్టారు. ఓసారి చూసి రండి. మన ముత్తాతలు ఎలా ఉండేవాళ్ళో కళ్ళారా చూడొచ్చు" అన్నాడు.

అంతే. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కారు.

ఆ రేవు నిజంగా చూడాల్సిన చోటే. నీళ్ళలో మూడు పాత తెరచాప ఓడలు కట్టేసి ఉన్నాయి. గట్టు మీద తాటాకు పాకలు, కొలిమి, తాళ్ళు పేనేవాళ్ళు, ఎండుచేపలు అమ్మేవాళ్ళు. అందరూ ఆ కాలం బట్టలే కట్టి, ఆ కాలం మాటలే మాట్లాడతారు. అది వాళ్ళ ఉద్యోగం. గేటు దగ్గర ఒకమ్మాయి చిరునవ్వుతో చెప్పింది.

"ఈ గుమ్మం దాటగానే మీరు నూట ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతారండి. లోపల ఉన్నవాళ్ళకి మన కాలం సంగతులేవీ తెలియవు. గమనించి మాట్లాడండి."

చిట్టెబ్బాయి గుమ్మంలో ఆగిపోయాడు. "అన్నయ్యా, నూట ఇరవై ఏళ్ళంటే మనం ఇంకా పుట్టలేదు కదా."

"పుట్టలేదు."

"మరి అయిదేళ్ళలోపు వాళ్ళకి టికెట్టు లేదని బోర్డు మీద ఉంది. పుట్టనివాళ్ళకి టికెట్టేంటి?"

టికెట్టు కిటికీ దగ్గర అరగంట వాదన జరిగింది. వెనకాల వరస గేటు బయటికి పోయింది. చివరికి టికెట్లిచ్చే ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టి ముగ్గుర్నీ ఊరికే లోపలికి వదిలేశాడు. "చూశావా, సబబుగా అడిగితే ఎవరైనా వింటారు" అంది లోవమ్మ.

లోపల మొదట కనబడినవాడు కొబ్బరి పీచుతో తాడు పేనుతున్న ముసలాయన.

"సంగాని పుల్లయ్య ఎక్కడుంటాడండి?" అని అడిగాడు నూకరాజు.

ముసలాయన తన వేషంలోనే జవాబు చెప్పాడు. "రంగం పోయే కుర్రాళ్ళందరూ పెద్ద ఓడ కాడున్నారు బాబూ. బేగి పోండి, గంటలో తెరచాప ఎత్తేస్తారు."

ఇంకేముంది, ముగ్గురూ పరుగు. పెద్ద ఓడ మీద సరంగు, అంటే ఓడ నడిపే పెద్ద, "రంగం పోయేవాళ్ళు ఎక్కండహో" అని కేకేస్తున్నాడు. చూడ్డానికొచ్చిన జనం ముచ్చటపడి ఎక్కుతున్నారు. నిచ్చెన మొదట్లో ఒక కుర్రాడు బట్టల మూట చంకన పెట్టుకుని నిలబడ్డాడు. అతని అసలు పేరు విద్యాధర్. డిగ్రీ చదివి, నాలుగేళ్ళు ఖాళీగా ఉండి, ఈ ఓడ ఎక్కే ఉద్యోగం సంపాదించాడు. అక్కడ రెండే నియమాలు. చూడ్డానికొచ్చినవాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదు, వేషం వదిలి ఈ కాలం మాట ఒక్కటీ మాట్లాడకూడదు. తప్పితే ఉద్యోగం ఊడుతుంది. మేనేజరు చెట్టుకింద కుర్చీ వేసుకుని అదే పనిగా వింటుంటాడు.

నూకరాజు ఆ కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. "నువ్వు సంగాని పుల్లయ్యవా?"

కుర్రాడు మేనేజరు వైపు చూశాడు. "అవును బాబూ."

లోవమ్మ కొంగు తల మీదికి లాక్కుని అతని కాళ్ళ మీద పడిపోయింది. నెత్తి నెరిసిన నూకరాజు ఆ పాతికేళ్ళవాణ్ణి పట్టుకుని "తాతా, ఎంత చిక్కిపోయావు తాతా" అని భోరుమన్నాడు. చిట్టెబ్బాయి అర్జీ కాగితం తీశాడు.

"మేం నీ మునిమనవలం తాతా. ఇదిగో, ఇక్కడో సంతకం పెట్టు. ఇల్లు పడిపోతోంది."

"మునిమనవలా?" అన్నాడు విద్యాధర్. "నాకింకా పెళ్ళే కాలేదు బాబూ."

ఆ మాటకి ముగ్గురికీ గుండె జారిపోయింది. పెళ్ళి కాలేదు, ఓడ ఎక్కేస్తున్నాడు. ఎక్కినవాడు తిరిగి రాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. పెళ్ళి చేసుకోకుండా పోతే తాత ఎలా పుడతాడు, నాన్న ఎలా పుడతాడు, వీళ్ళెలా పుడతారు? చిట్టెబ్బాయి తన చెయ్యి తనే పట్టుకుని నాడి చూసుకున్నాడు. "అన్నయ్యా, నేను పలచబడుతున్నట్టుంది."

"ముందు సంతకమా, ముందు పెళ్ళా?" అన్నాడు నూకరాజు.

"పెళ్ళే" అంది లోవమ్మ. "మనం లేకపోతే ఆ సంతకం తీసుకునేదెవరండీ? మీ ముత్తవ్వ పేరేంటి?"

"నీలాలు."

లోవమ్మ గట్టంతా గాలించింది. ఎండుచేపల తట్ట ముందు ఒకావిడ కూర్చుని ఉంది. విద్యాధర్‌కి తల్లి వయసు. "నువ్వు నీలాలువా అమ్మా?" అని అడిగింది లోవమ్మ. ఆవిడకీ అవే నియమాలు. "అవునమ్మా" అంది. ఇంకేముంది, రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. పెళ్ళికూతురు కాస్త పెద్దదిగా ఉందేంటి వదినా అని చిట్టెబ్బాయి అంటే, నూట ఇరవై ఏళ్ళ కిందటి మనిషి, ఇంకా నయమని సర్దిచెప్పింది.

పసుపుతాడు లేదు. తాళ్ళాయన దగ్గర కొబ్బరితాడు తెచ్చి, విద్యాధర్ చేతిలో పెట్టి, ఆవిడ మెడలో వేయించారు. చుట్టూ జనం మూగి ఫోన్లెత్తి చప్పట్లు కొట్టారు. మేనేజరు కుర్చీలోంచి లేచి వచ్చాడు, ఆపడానికి కాదు. "బాగుంది, రోజూ పదకొండింటికి ఇది పెడదాం" అని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

"తాతా, ఇప్పుడు సంతకం" అన్నాడు చిట్టెబ్బాయి.

విద్యాధర్ అలవాటుకొద్దీ జేబులో పెన్ను వెతుక్కున్నాడు. మేనేజరు దగ్గాడు. అంతే, విద్యాధర్ డిగ్రీ మరిచిపోయాడు. "నాకు రాత రాదు బాబూ. వేలిముద్ర వేస్తాను." సిరా లేదు. పక్కన ఓడ చెక్కల సందుల్లో పూయడానికి తారు కాగుతోంది. డబ్బా అంచున చల్లారిన తారులో బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కాడు. కాగితం వేలికి అంటుకుని రాలేదు. అన్నదమ్ములిద్దరూ కాగితం పట్టుకుని లాగారు, కుర్రాడు అటువైపు లాగాడు. అర్జీలో పై మూల కొంచెం అతని వేలితోనే ఉండిపోయింది గాని ముద్ర బాగానే పడింది.

పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు. కాని ఓడ మీద గంట మోగింది. విద్యాధర్ మూట తీసుకుని నిచ్చెన ఎక్కబోయాడు. అది అతని ఉద్యోగం కదా.

"తాతా, ఎక్కకు" అన్నాడు నూకరాజు కాళ్ళకి అడ్డంపడి. "నిన్నగాక మొన్న పెళ్ళయిన మనిషివి."

"ఇప్పుడే అయ్యింది" అని సరిచేసింది లోవమ్మ.

"ఎక్కాలి బాబూ, సరంగు పిలుస్తున్నాడు."

చిట్టెబ్బాయి బాగా ఆలోచించాడు. "తాత ఓడ ఎక్కకూడదు. ఓడ ఉంటే ఎక్కుతాడు. ఓడే లేకపోతే ఎలా ఎక్కుతాడు?" ఇంత తెలివైన మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ అనలేదని నూకరాజు పొంగిపోయాడు. అన్నదమ్ములిద్దరూ వెళ్ళి గుంజలకి కట్టిన తాళ్ళు ఒక్కొక్కటీ విప్పేశారు. లోవమ్మ నిచ్చెన పక్కకి లాగింది. ఆ ఓడని అక్కడ కట్టాక ఎప్పుడూ విప్పింది లేదు. అది మెల్లిగా గట్టు వదిలి, పోటు దిగుతున్న నీళ్ళతోపాటు సముద్రం దారి పట్టింది. పైన సరంగూ, నలభైమంది జనమూ.

సరంగుకి ఓడ నడపడం రాదు. కేకేయడం ఒక్కటే వచ్చు. ఆయన నియమాలన్నీ గాలికొదిలి సెల్‌ఫోన్ తీశాడు. జనం మాత్రం ఇదంతా టికెట్టులో భాగమే అనుకుని గట్టు మీదివాళ్ళకి చేతులూపారు.

మేనేజరు నీళ్ళలో మోకాలిదాకా దిగి మళ్ళీ గట్టెక్కాడు. "ఎవరు మీరు? మీ పేర్లేంటి? మీ మీద కేసు పెట్టిస్తాను."

"పెట్టండి బాబూ" అన్నాడు నూకరాజు నిదానంగా. "పేర్లు మాత్రం ఇంకా పెట్టలేదు. మేం పుట్టడానికి చాలా టైముంది."

ఓడ అరమైలు పోయి ఇసుక మేటలో ఆగింది. పడవలు వెళ్ళి జనాన్ని దింపుకొచ్చాయి. దిగినవాళ్ళందరూ ఇంత బాగా ఎక్కడా చూడలేదు, రేపు మా బంధువుల్ని కూడా పంపిస్తామన్నారు. అంతే, మేనేజరు కేసు మాట మరిచిపోయి తన చిన్న పుస్తకంలో పన్నెండింటికి కూడా ఏదో రాసుకున్నాడు.

సోమవారం నాడు ముగ్గురూ ఆఫీసరు ముందు నిలబడ్డారు. ఆయన తారు వేలిముద్ర చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ముద్ర కొత్తది, నలుపు ఇంకా ఆరలేదు.

"అయితే పుల్లయ్య గారు బతికే ఉన్నారన్నమాట."

"ఉన్నాడండి. పాతికేళ్ళవాడు. మొన్ననే పెళ్ళి చేశాం."

"పిల్లలు?"

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. అబద్ధం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. "ఇంకా లేరండి" అన్నాడు నూకరాజు.

ఆఫీసరు పాతికేళ్ళవాడు, ముత్తాత, పిల్లల్లేరు అనే మూడు ముక్కలూ విన్నాడు. కాగితం మీది గడులన్నీ నిండాయి, ఆయనకి కావలసింది అదే. స్థలం పుల్లయ్యది, ఇల్లు పుల్లయ్య పేర మంజూరు, వారసులు లేరు, అని రాసి ముద్ర కొట్టాడు. పని జరిగిందని లోవమ్మ ఆయనకి అరడజను అరటిపళ్ళు ఇచ్చి వచ్చింది.

పాత ఇల్లు పడగొట్టడం ఒక్క పూటలో అయ్యింది. కొత్తది కట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ముగ్గురూ మాస్టారి పశువుల పాకలో గేదెల పక్కన పడుకున్నారు. రోజూ పొద్దున్నే వెళ్ళి పునాది దగ్గర్నుంచి శ్లాబు దాకా గోడ ఎంత లేచిందో చేత్తో తడిమి చూసుకునేవారు. లోవమ్మ పొయ్యి ఏ మూల పెట్టాలో అప్పుడే గీత గీసుకుంది.

ఇల్లు పూర్తయ్యాక ఆఫీసరే స్వయంగా తాళంచెవి తీసుకుని, ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని, ఓడల రేవుకి వచ్చాడు. యజమాని చేతికే ఇవ్వాలని రూలు ఉందట. సంగానివారు ముందు నడిచి ముత్తాతని చూపించారు. విద్యాధర్ నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వెనకాల మేనేజరు దగ్గాడు. పైగా అతను అయిదుగురితో కలిసి ఒకే గదిలో ఉంటున్నాడు, సొంత ఇల్లు లేదని వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. నోరు మూసుకుని చెయ్యి చాపాడు. ఫోటో తీశారు. ఆఫీసరు కారెక్కి వెళ్ళిపోయాడు.

"తాతా" అంది లోవమ్మ. "ఇల్లు నీదయ్యింది, సంతోషం. మరి మేం ఎక్కడుండాలి?"

విద్యాధర్ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. చెవి వైపే చూస్తూ అన్నాడు. "మీరెవరో నాకెలా తెలుస్తుందమ్మా? నాకింకా పిల్లలే లేరు."

ఇంకెవరైనా అయితే అక్కడ కొట్లాడేవాళ్ళు. నూకరాజు మాత్రం తలూపాడు.

"తాత అన్నది సబబే. పుట్టకుండా ఇంట్లో ఉంటామంటే ఎవరు ఒప్పుకుంటారు? తప్పు మనది. ముందు పుట్టాలి. పుడితే ఇల్లు దానంతటదే మనకొస్తుంది."

అంతే. ముగ్గురూ వెళ్ళి నీలాలు ఎండుచేపల తట్ట ఎదురుగా బల్ల మీద వరసలో కూర్చున్నారు, పుట్టడానికి. చిట్టెబ్బాయి ముందు కూర్చోబోతే పెద్దవాణ్ణి ముందు నేనే పుట్టాలని నూకరాజు వెనక్కి జరిపాడు. లోవమ్మది వేరే ఇంటి వంశం కాబట్టి కాస్త ఎడంగా కూర్చుంది. నూకరాజు భుజం మీది తువ్వాలు తీసి తన ముందు ఖాళీలో పరిచాడు, తమ్ముడి తువ్వాలు తీసుకుని దాని పక్కన పరిచాడు. వాళ్ళు అక్కడ ఇప్పటికీ ఉన్నారని కొందరంటారు. చూడ్డానికొచ్చిన ఒకాయన నడిచి నడిచి కాళ్ళు లాగి ఆ రెండో తువ్వాలు మీద కూర్చోబోతే, నూకరాజు మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది మా నాన్న చోటండి. ముందు మా తాత, తర్వాత ఆయన. ఇద్దరూ పుట్టి వెళ్ళాక మీరు కూర్చుందురుగాని."