మజ్జిగ మలుపు తల్లికి తలుపులెందుకు లేవు

నిప్పురాళ్ళ కొండ ఎక్కే భక్తులకు సగం దారిలో ఒక మలుపు వస్తుంది. మెట్లు అక్కడ పడమటికి తిరుగుతాయి. ఆ మలుపులో గోడలు లేని చిన్న మంటపం, అందులో పీఠమైనా లేకుండా నేల మీద కూర్చున్న అమ్మవారు కనిపిస్తారు. తల్లి ఒడిలో ఒక ఆడమనిషి తల పెట్టుకుని పడుకుని ఉంటుంది. తల్లి కుడిచేయి ఆమె పెదవుల మీదికి వంగి ఉంటుంది. ఈ గుడికి తలుపులు లేవు. ఊరూరా దేవుళ్ళు పవళించే మిట్టమధ్యాహ్నమే ఇక్కడ పూజా సమయం. పూజ అంటే మజ్జిగ పోయడం. పోసేది విగ్రహం మీద కాదు, ఎండనపడి వచ్చినవారి దోసిట్లో.

కొండ కొసన ఉన్న పెద్ద గోపురం చూసి, అసలు గుడి అదేననుకుని ఈ మలుపును గబగబా దాటిపోయేవారు ఇప్పటికీ ఉన్నారు. దాటిపోండి, మంచిదే. పైన గర్భాలయం ఖాళీగా ఉంటుంది. అది ఎందుకు ఖాళీ అయిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ ఓబులక్క అనే గొల్ల ఇల్లాలు ఉండేది. కొండ కింద ఆమెకు పదహారు ఆవులు. వేసవి వచ్చిందంటే తెల్లవారేసరికి మజ్జిగ చిలికి, రాతి ఉప్పు, దంచిన అల్లం, నలిపిన కరివేపాకు కలిపి, కుండకు తడిగుడ్డ చుట్టి, ఈ మలుపులో కూర్చునేది. అప్పుడు కొండ మీద అమ్మవారికి ప్రాకారం కడుతున్నారు. రాళ్ళు మోసేవాళ్ళకు ఆమె మజ్జిగే ఆధారం. "నీళ్ళు తాగితే దప్పిక తీరుతాది. ఉప్పు మజ్జిగ తాగితే కాళ్ళు నిలబడతాయి" అనేది. ఒక్కొక్కరూ రెండు దోసిళ్ళు తాగందే కదలనిచ్చేది కాదు.

రెండేళ్ళు వానలు లేవు. మూడో ఏడు రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, ఆ సీమ పాలెగాడు ఒక మొక్కు మొక్కాడు. అమ్మవారికి నలభై రోజులు మజ్జిగతో అభిషేకం చేస్తే వాన పడుతుందట! అమ్మవారు మజ్జిగ స్నానం అడిగిందని అతనికి ఎవరు చెప్పారో మరి. చుట్టుపక్కల చిలికిన ప్రతి చుక్కా గుడికే చేరాలని, మధ్యలో ఎవరి నోరు తగిలినా ఎంగిలి కింద లెక్కని చాటింపు వేయించాడు. కింద బావి ఎండి బురద మిగిలింది. రాళ్ళు మోసేవాళ్ళకు తోలు తిత్తిలో ఆ బురద నీళ్ళే వచ్చేవి, మలుపు చేరేసరికి అవీ సలసల కాగేవి. మొక్కు పాలెగాడిది, ఎండిన నోరు కూలివాళ్ళది. పెద్దల పుణ్యాలు ఎప్పుడూ ఇంతే, ఖర్చు ఇంకెవరి పేరనో పడుతుంది.

మొదటి రోజు ఓబులక్క కుండతో మలుపు దాటుతుంటే తిప్పమ్మ అనే పడుచు ఎదురైంది. నెత్తిన రాయి, ఇంటి దగ్గర నెలల బిడ్డ.

"అక్కా, ఒక్క గుక్క పొయ్యి. నాలుక పిడచ కట్టుకపోతాంది."

"ఇది అమ్మవారిది తిప్పమ్మా. అడగొద్దు, పాపం తగులుతాది" అని ఓబులక్క తల తిప్పుకుని పైకి నడిచింది. తప్పు చేస్తున్నట్లు ఆమెకు తెలుసు. పాలెగాడి కొరడా కూడా తెలుసు. మరునాడు తిప్పమ్మ అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. అడగడం లేదు కదా, అలవాటు పడింది కాబోలని ఓబులక్క తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఏడో రోజు కుండ గుళ్ళో దించి, ఖాళీ ముంతతో దిగి వస్తుంటే మలుపులో తిప్పమ్మ పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. కళ్ళు తేలేసి ఏదో గొణుగుతోంది. మోసేవాళ్ళు తిప్పమ్మను బండ నీడకు జరుపుతుంటే ఓబులక్క పైకి పరుగెత్తింది. అప్పటికే గుడి తలుపులు మూసేశారు. గుడి పెత్తనం చూసే పారుపత్తెందారు సింగరయ్య గడప మీద విసనకర్రతో కూర్చుని ఉన్నాడు.

"సామీ, నా కుండలోది ఒక్క ముంత ఇప్పించు. మనిషి పోతాంది!"

"అమ్మవారు పవళించినారు. గడియ తీస్తే అపచారం. పొద్దు వాలినాక రా."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా కాదు, తాళంచెవి మోసేవాడు! ఓబులక్కకు ఏడు రోజులుగా మింగిన కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది. అతన్ని పక్కకు నెట్టి, చేతిలోని ముంతతో తలుపు మీద బాదింది.

"నిద్రపోతాండావా? బిడ్డ కింద కొట్టుకులాడతాంటే నిద్రపోయే అమ్మ అమ్మేనా? ఏడు దినాలుగా కుండలు కుండలు పోయించుకుంటివే, ఇంకా నీ దప్పిక తీరలేదా? రాయికేం దప్పికమ్మా, రాయి మోసేదానికి గదా దప్పిక! లెయ్యి! ల్యాకుంటే నీ గడపలో ఇంగ నా కుండ దిగదు!"

ముంత ముక్కలైంది. సింగరయ్య ఆమెను జుట్టు పట్టి లాగబోయి ఆగిపోయాడు. మూసిన తలుపు కింది నుంచి మజ్జిగ చుక్కలు బయటికి వచ్చి, మెట్ల వెంట వరసగా కిందికి పోతున్నాయి. గబగబా తాళం తీశాడు. లోపల పీఠం మీద అమ్మవారు లేదు. ఓబులక్క తెచ్చిన కుండా లేదు.

ఆమె చుక్కల వెంట పరుగెత్తింది. మలుపులో ఎవరో ముసలామె తిప్పమ్మ తల ఒడిలో పెట్టుకుని, తడి కొంగుతో ఒళ్ళు తుడుస్తూ, తెలివి వచ్చేకొద్దీ వేలితో మజ్జిగ చుక్క చుక్కా పెదవులకు అందిస్తోంది. తిప్పమ్మ గుటక వేసింది. ఓబులక్క ఆనందంతో చేతులు జోడించబోయింది. ముసలామె తలెత్తి చూసింది. ఆ చూపులో దయ లేదు.

"తలుపు బాగానే కొడితివి. పొద్దున కుండ నీ నెత్తినే ఉండె గదా. దించేదానికి ఏ తలుపు అడ్డమొచ్చె?"

చూస్తుండగానే ముసలామె శిలగా మారింది. తిప్పమ్మ లేచి కూర్చుంది, ఆమె తల ఉన్నచోట శిలలో ఆ రూపమే నిలిచింది. తర్వాత పాలెగాడు ఏనుగుల్ని కట్టి లాగించినా విగ్రహం కదలలేదు.

"ఇంగోసారి ఎందుకు అడగల్యాదే?" అని ఆ సాయంత్రం ఓబులక్క ఏడుస్తూ అడిగింది.

"ఒకసారి అడిగినా గదక్కా" అంది తిప్పమ్మ.

ఆ మాట మీదే ఈ గుడి ఆచారం నిలిచింది. పై గుడి తలుపులు ఊడదీసి ఇక్కడ నేల మీద పరిచారు. ఇప్పటికీ మజ్జిగ కుండలు వాటి మీదే పెడతారు. కొన్ని ఊళ్ళవారు రాగి అంబలి, బెల్లం పానకం కూడా తెస్తారు. రంగునీళ్ళ సీసాలు మాత్రం తేవద్దు. తాగి మలుపులోనే పారేసిపోతే ఏరలేక చస్తున్నాము. పోసేవారు ఎంత పెద్దవారైనా ముందు వంగి, "దాటిపోయినాను, తప్పు నాది, తాగు తల్లీ" అనాలి. తాగేవారు దండం పెట్టనక్కరలేదు. ఇక్కడ దాహమని ఎవరూ నోరు తెరిచి అడగకూడదు. ఎవరైనా అడిగారంటే, ఆ రోజు పోయడానికి కూర్చున్నవారు మరునాడు ఉపవాసం ఉండాలి.

ఈ మజ్జిగ తాగి దిగినవారికి ఆ ఏడు వడదెబ్బ తగలదని నమ్మకం. పోసినవారి ఇంట పాడికి కొదవ ఉండదంటారు. ఇంటికి చేరాక మీ గుమ్మం ముందు ఎండలో తట్ట మోసే మనిషి కనిపిస్తే, ఆమె అడిగేదాకా ఆగకండి. ఒకసారి అడిగే ఉంటుంది.