పాపానికి తోకంటే భయమా?

నల్లగుట్ట కింది బీడులో ఆ వానాకాలం ఒక్క జంతువూ ఒకచోట నిలబడి మేసింది లేదు. ఈగలు. చెవి విదిలిస్తే కంటి మీద, కన్ను మూస్తే ముక్కు మీద. కాళ్లు నేలకు కొట్టుకుంటూ, తోకలు ఝాడించుకుంటూ మంద మొత్తం అటూ ఇటూ తిరుగుతోంది. ఆ గోలలోనే కబురు పాకింది: గంగులెద్దు మెడ మీది పుండులో పురుగులు పడ్డాయట.

పురుగులు పడ్డాయంటే అక్కడ ఒకటే తీర్పు. ఇచ్చేది గుట్ట మీది రాబందు. నున్నటి బోడి గుండు, మెడ చుట్టూ తెల్లటి ఈకల పట్టీ, సగం మూసిన కళ్లు. అందరూ స్వామివారనేవాళ్లు. లోపలి పాపమే కుళ్లి పురుగై బయటికొస్తుందనీ, అలాంటివాణ్ని నీళ్లూ గడ్డీ లేని పీనుగుల లోయలోకి తోలెయ్యాలనీ ఆయన తాతగారు బండ మీద ముక్కుతో గీసిపెట్టారట. ఆ గీతలు చదవడం ఆయనొక్కరికే వచ్చు. లోయలోకి వెళ్లినవాళ్లు ఏమయ్యారని ఎవరూ అడగలేదు. స్వామివారు మాత్రం ఏటేటా బరువెక్కుతున్నారు.

"ఒప్పేసుకో నాయనా గంగులూ," అంది తిరపమ్మ. మందను నడిపే ముసలి గేదె ఆమె. పాపుల్ని లోయకు తోలే పని కూడా ఆమె కొమ్ములదే. "ఏం చేశావో చెప్పేస్తే భారం తగ్గుతుంది."

"పొద్దున్నుంచీ అదే ఆలోచిస్తున్నా పెద్దమ్మా! చిన్నప్పుడు ఒకసారి పక్క దూడ పాలు తాగేశాను. దానికా?"

"దానికే," అన్నారు స్వామివారు బండ మీంచి.

"ఆగండాగండి!" అంటూ అందర్నీ తోసుకుని వచ్చింది నాంచారి. ఎర్రమచ్చల మేక. దాని నోరూ ఆగదు, కాలూ ఆగదు. "ఒక్క సందేహం స్వామీ. ఈ తమ్ముడి తొడ మీద కూడా పుండుంది, ముళ్లకంచె గీరింది. దానికెందుకు పట్టలేదు పురుగు?"

"పాపం మెడలో ఉంది."

"పోయిన నెల కోడెదూడకి మూపు మీద పట్టింది. అంతకుముందు కర్రావుకి కొమ్ము మొదట్లో. తోక అందే చోట మాత్రం ఎవరికీ పట్టలేదు. పాపానికి తోకంటే భయమా?"

ఎవరో కిసుక్కుమన్నారు. స్వామివారి కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి.

"ఆకులు నమిలే నోటితో బండ మీది రాతని ప్రశ్నిస్తావా?"

"బండని నేనేమీ అడగలేదు. పుండుని అడుగుతున్నా."

"మరి ఎక్కణ్నుంచి వస్తాయంటావే పురుగులు?" అంది తిరపమ్మ విసుగ్గా.

"తెలీదు పెద్దమ్మా. తెలీదు గనకే చూద్దామంటున్నా. తోక తోలలేని చోట ఈగ వాలుతుంది. రెండ్రోజులకి అక్కడే పురుగు. నా అనుమానం ఈగ మీద."

"ఈగట!" స్వామివారు పకపకా నవ్వారు. "రెక్కలున్నదానికి రెక్కల్లేని పురుగు పుడుతుందా?"

"మీరు గుడ్డులో ఉన్నప్పుడు మీకెన్ని రెక్కలుండేవి స్వామీ?"

ఈసారి కిసుక్కుమన్నది ఒకళ్లు కాదు.

ఆ ఉదయమే గుట్ట మీంచి జారిపడి ఒక జింక చనిపోయింది. స్వామివారు ఆమెను మహా పుణ్యాత్మురాలని ప్రకటించి, పుణ్యాత్ముల ఒంటికి ఎన్నటికీ పురుగు పట్టదని చెప్పి, అంత్యక్రియలు తానే చేస్తానన్నారు. నిజమే, ఆయన చేతిలో పడ్డ ఏ దేహానికీ పురుగు పట్టడం ఎవరూ చూడలేదు. సాయంత్రానికల్లా ఎముకలే మిగిలేవి.

"ఆ పుణ్యాత్మురాలి తొడ ఒకటి మూడు రోజులు మాకు వదిలెయ్యండి," అంది నాంచారి. "రెండు ముక్కలు చేద్దాం. ఒకటి అలాగే ఉంచుదాం. రెండోదాని మీద సాలమ్మ గూడు అల్లుతుంది."

"మూడు పొరలు అల్లుతా. గాలి దూరుతుంది, ఈగ దూరదు," అంది రేగుపొద లోంచి సాలీడు.

"తొడా?" స్వామివారి గొంతు తడబడింది. "మెడ ముక్క సరిపోదూ?"

"తొడే కావాలి. మీ మాట మాత్రం ముందే చెప్పండి. పురుగు పడుతుందా, పడదా?"

మంద మొత్తం ఈగలు తోలుకోవడం మానేసి పైకి చూసింది. వెనక్కి తగ్గే దారి లేదు.

"పడదు. పడిందంటే నీ సందేహం వల్ల పడినట్టు. అప్పుడు గంగులుతో పాటు నువ్వూ లోయకే!"

"అలాగే. నేను రెండు ముక్కల్నీ ఒకేలా సందేహిస్తున్నా. పడితే రెండింటికీ పడాలి కదా?"

"పడితే రెండింటికీ, లేకపోతే దేనికీ పడదు," అనేశారు స్వామివారు.

ఐరోపాలో మూడున్నర శతాబ్దాల కిందట ఒక వైద్యుడు మాంసం మీద పల్చటి గుడ్డ కప్పి ఇలాగే కాపలా కాశాడు. గ్రంథంలో ఉంటే చాలదు, కంటితో చూస్తామని మనుషులు మొండికేసిన కాలం అది. పెద్దపెద్ద పీఠాలు కదిలాయి. నల్లగుట్ట దగ్గర గుడ్డ లేదు, సాలీడుంది.

ఆ మూడు రోజులూ గంగులు పడుకోలేదు. లోపల పురుగులు తొలుస్తుంటే మెడని చెట్టుకేసి రుద్దుకుంటూ తిరిగాడు. నాంచారి అంతకంటే ఎక్కువ తిరిగింది. "నా అనుమానం తప్పయితే ఎలాగే సాలమ్మా?"

"తప్పయితే తప్పని తెలుస్తుంది. ముందు ఆ కాలు తియ్యి, నా దారం తెంపుతున్నావు."

మూడో రోజు పొద్దెక్కేసరికి బయటి ముక్క లుకలుకలాడుతోంది. తిరపమ్మ కొమ్ములు దించింది. "పద నాంచారీ. గంగులూ, నువ్వూ."

"రెండోది చూడందే కదలను పెద్దమ్మా."

చూశారు. గూడు లోపల ముక్క ఎండి ముడుచుకుపోయి, కంపు కొడుతోంది. పురుగు మాత్రం ఒక్కటి లేదు. గూడు పైన ఈగలు దారి దొరక్క గింగిరాలు తిరుగుతున్నాయి.

"నా దారాల మీదే పెట్టిపోయాయి, చూడండి," అంది సాలమ్మ. నూకగింజల్లా తెల్లటి గుడ్లు. ఒక గుడ్డు పగిలి, వెంట్రుకంత పురుగు అందరి ఎదుటే మెలికలు తిరిగింది.

"స్వామీ, దిగి చూడండి," అని పిలిచింది నాంచారి.

"అక్కర్లేదు. అక్కడ ఏముందో నాకు తెలుసు."

"ఏముంది?"

"ఉండాల్సింది ఉంది."

"ఆకాశంలోంచి చచ్చిన ఎలుకని పోల్చే కళ్లు కదా మీవి! ఇంత దగ్గర్లో పురుగు కనిపించదా?"

స్వామివారు మొహం తిప్పుకున్నారు. ఒక్కొక్కరే వంగి చూసి వెళ్లారు. అందరికంటే ఎక్కువసేపు చూసింది తిరపమ్మ.

అది గమనించి స్వామివారు గొంతు సవరించుకున్నారు. "ఈ సంగతి మా తాతగారు ఎప్పుడో రాశారు. బండకి ఆ మూలన, చిన్నగా ఉంటుంది. సమయం వచ్చినప్పుడు చెబుదామని..."

నాంచారి నోరు తెరిచేలోపే గంగులు అడిగాడు. "ముందే తెలుసా స్వామీ? మరి పోయిన వానాకాలం మా అమ్మని ఎందుకు తోలించారు?"

వెనక నుంచి ఎవరో "మా అన్నని," అన్నారు. ఇంకెవరో "నా బిడ్డని," అన్నారు.

తిరపమ్మ నాలుగడుగులు ముందుకు, నాలుగు వెనక్కి వేసింది.

"తోలింది నేను," అంది. "లోయ అంచున మీ అమ్మ వెనక్కి తిరిగి నా వైపు చూసింది రా గంగులూ. పాపిష్టి చూపు అనుకున్నా."

ఆమె తల వంచి బండ మీదికి ఉరికింది.

రాబందు ఎగరబోయాడు. తిన్న ఒళ్లు లేవలేదు. రెక్కలు బారచాపి, తప్పటడుగులు వేస్తూ, బీడంతా పరిగెత్తి, కంచెకి తగులుకుని తెల్లపట్టీలో సగం ఈకలు వదిలేసి ఎలాగో గాల్లోకి లేచాడు.

నాంచారి సీతాఫలం ఆకు చేదంతా నోట్లోకి వచ్చేలా నమిలి గంగులు పుండులో ఉమ్మింది. "చచ్చాన్రో!" అన్నాడు గంగులు. "నువ్వు కాదులే తమ్ముడూ, పురుగులు," అంది నాంచారి.

లోయలో రాబందు ఇవాళ్టికీ తల పైకెత్తి ఎదురుచూస్తున్నాడు. పైనుంచి ఎవరూ రావడం లేదు.

మీరు కళ్లు మూసుకుంటేనే కడుపు నిండేవాడు మీకు గురువు కాడు.