శ కడుపులో గాటు

శరభయ్యకి గురువు మీద అనుమానం పుట్టింది. పుట్టిన అనుమానం ఊరికే ఉంటుందా, రోజుకింత తిని ఒళ్ళు చేసింది.

బందరులో అచ్చు అక్షరాలు పోతపోసే చోటు అది. గురువు సుపర్ణాచారి. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కడంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ కడ్డీని రాగిబిళ్ళలోకి గుద్ది, పడిన గుంటలో కరిగిన సీసం పోస్తే అచ్చక్షరం వస్తుంది. కడ్డీ మీద ఒక్క తప్పుంటే, పుస్తకమంతా ఆ తప్పే.

ఆయన దగ్గర ఏళ్ళ తరబడి చెయ్యి సాధించి, శరభయ్య మొదటిసారి సొంతంగా ఒక వరస అక్షరాలు గీసి చెక్కాడు. పత్రికల్లో శీర్షికలకి. ఒళ్ళు నిండుగా, కొసలు వెంట్రుకంత సన్నగా, ప్రతి కొసకీ ఒక చిన్న మడమ. వాటిలో శ అయితే మరీ కుదిరింది. దాన్ని చూసుకుని వాడు అన్నం తినడం కూడా మర్చిపోయేవాడు.

గురువు వాటిని చూశాడు. "ఉండనీ" అన్నాడు. కిటికీ దగ్గరి చిల్లుల పెట్టెలో పెట్టాడు. అంతే.

కొత్త ఉక్కుని కొన్నాళ్ళు బందరు ఉప్పుగాలికి వదిలేసి, తుప్పు ఎక్కడ పడుతుందో చూశాక గానీ ఆయన పోతకి ఇవ్వడు. అది అక్కడి పాత పద్ధతి. శరభయ్యకీ తెలుసు. అయినా పచ్చకామెర్లవాడి కంటికి తెల్లకాగితం కూడా పచ్చగానే కనపడుతుంది.

దానికి తోడు, సిరా పూసే పైడయ్య ఓ రోజు బీడీ వెలిగించుకుంటూ అన్నాడు: "ఇక్కడ తయారైన అక్షరాలన్నీ సుపర్ణం అక్షరాలే కదండీ. మీవాటికి మటుకు వేరే పేరెందుకు పెడతారూ?"

ఆ మాట శరభయ్య గుండెలో ముల్లులా దిగింది. మర్నాడు గురువు భోజనానికి వెళ్ళినప్పుడు పెట్టె తెరిచి, శ కడ్డీ తీసి, అక్షరం కడుపులో కంటికి ఆనీ ఆననంత గాటు పెట్టాడు. రేపు ఎవరైనా ఇవి నావంటే, ఈ గాటు చూపించి నోరు మూయించొచ్చు. ఎవరైనా అంటే ఎవరో, మనసులో కూడా పేరు పెట్టుకోలేదు.

తర్వాత ఏమైందంటే, గురువు రోజూ మధ్యాహ్నం లోపలిగది తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆ తలుపు వేసింది లేదు. శరభయ్య ఆకురాయి చప్పుడు వినేవాడు. ఒకనాడు ఆగలేక కిటికీ సందులోంచి చూశాడు. ముసలాయన కంటికి భూతద్దం బిగించుకుని, కడ్డీ మీదకి వంగి మెల్లగా అరగదీస్తున్నాడు. కడ్డీ కొసన శ.

దొరికాడనుకున్నాడు శరభయ్య. వాడి ఒళ్ళంతా మండిపోయింది.

వారం తిరక్కముందే గురువు పిలిచి, ఇంకా సిరా తడి ఆరని కాగితం చేతికిచ్చాడు. కొత్త అక్షరాలతో, పెద్దగా, ఒకే ఒక్క పంక్తి.

"చదవరా."

శరభయ్య కాగితాన్ని మొహం దగ్గరకి తెచ్చుకున్నాడు. మొదటి అక్షరమే శ. దాని కడుపులోకి చూశాడు. గాటు లేదు. బల్ల మీది భూతద్దం లాక్కుని మళ్ళీ చూశాడు. లేదు. నున్నగా, నల్లగా, ఏ గుర్తూ లేదు.

"ఏం రాసుంది?" అన్నాడు గురువు.

"నా గాటేదండీ?"

ఎవరూ దొంగ అనకుండానే భుజాలు తడుముకున్నాడు. ఆ సంగతి మాట నోరు దాటాక గానీ తెలియలేదు.

సుపర్ణాచారి ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. రొంటిన దోపుకున్న చిన్న గుడ్డమూట విప్పి, అందులోని కడ్డీని శిష్యుడి అరచేతిలో పెట్టాడు. శరభయ్య చెక్కిన శ అది. గాటు అలాగే ఉంది.

"నీ గాటు నీ దగ్గరే ఉంచుకో. దాంట్లో సిరా చేరి అక్షరం మకిలి పడుతోంది. పూడ్చుదామంటే ఉక్కు మట్టి కాదు కదరా. అందుకని నీ గీత మీదే ఇంకోటి చెక్కాను."

శరభయ్య కడ్డీని గుప్పిట్లో మూసుకున్నాడు.

"ఇప్పుడు చదువు."

శరభయ్య భూతద్దం పక్కన పెట్టాడు. కాగితాన్ని చెయ్యి చాపినంత దూరంలో పట్టుకున్నాడు. శ తర్వాత ర, ర తర్వాత భా. సుపర్ణం అన్న మాట ఎక్కడా లేదు.

శరభాచారి అక్షరాలు.

అయ్య తీసేసి, గురువు తన పేరులోని ఆచారిని తగిలించాడు. ముసలాయన కళ్ళు నులుముకుంటూ స్టూలు మీద కూర్చున్నాడు.

"పైకి చదవరా," అన్నాడు. "ఆ శ చెక్కిన దగ్గర్నుంచీ నా కళ్ళకి ఏదీ సరిగ్గా ఆనడం లేదు."

శరభయ్య చదవలేకపోయాడు.