మూడు జతల మేజోళ్ళు

నాంచారయ్య స్వామిని ఎవరేమడిగినా జవాబు రాదు, పని వస్తుంది. ఆత్మ అంటే ఏమిటని అడిగిన ఒకాయనకు చేట చేతికిచ్చి బియ్యంలో రాళ్ళేరమన్నారట. ఆ సంగతి తెలిసి కూడా దస్తగిరి ఆ ఉదయం ఆగలేక అడిగేశాడు.

"సామీ, ఈ చలి నాకెప్పటికి అలవాటవుద్ది? ఈ భయం ఎప్పటికి పోద్ది?"

అడగక ఏం చేస్తాడు పాపం! దస్తగిరిది రెంటచింతల. నడివేసవిలో కాకులు కూడా నీడ వెతుక్కునే ఊరు. దూదేకులవాళ్ళ ఇంట పుట్టి, నలభై ఏళ్ళు పరుపులు కుట్టి, పిల్లల పెళ్ళిళ్ళయ్యాక స్వామి దగ్గర నాలుగు మంచి మాటలు నేర్చుకుందామని వైశాఖంలో ఈ హిమాలయపు కొండ ఊరికి చేరాడు. స్వామిదీ గుంటూరు సీమే, ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆ వైశాఖంలో కొండగాలి హాయిగా ఉంది. చలి చలి అంటారుగాని ఇంతేనా అని దస్తగిరి ఇంటికి ఉత్తరం కూడా రాశాడు. మార్గశిరం వచ్చేసరికి ఆ ధీమా కాస్తా ఎగిరిపోయింది. బిందెలో నీళ్ళు రాయిలా గడ్డకట్టాయి. ఊపిరి గడ్డం మీదే మంచై పేరుకుంటోంది.

ఆ మధ్యాహ్నం ఆఖరి జీపు కిందికి దిగుతుంది. అది వెళ్ళిందంటే ఇక మంచుకు దారి మూసుకుపోతుంది, ఫాల్గుణం దాకా రాకపోకలుండవు. ఉండిపోతే స్వామి దగ్గర మొదలుపెట్టిన చదువు పూర్తవుతుంది. స్వామికి ఎనభై దాటాయి, మరో చలికాలం కూర్చుని చెబుతారన్న నమ్మకం ఎవరికీ లేదు. వెళ్ళిపోతే బతుకుతాడు. దస్తగిరి లెక్క అదీ. ఎందుకంటే నాలుగు రోజులుగా అతని కాలివేళ్ళకు స్పర్శ లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కిందటేడు ఎవరో యాత్రికుడికి వేళ్ళు నల్లబడితే తీసేశారని విన్నప్పటినుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. గంటకోసారి బూటు మీద కర్రతో కొట్టి చూసుకునేవాడు. ఏమీ తెలిసేది కాదు. హడలిపోయి ఉన్న మేజోళ్ళ మీదే ఇంకో జత తొడిగేవాడు. అలా మూడు జతలయ్యాయి. వాటి మీద బూటు, లేసు బిగలాగి రెండు ముళ్ళు.

స్వామి ప్రశ్న విన్నారు. కప్పుకున్న దూది రజాయి తీసి అతని ముందు పడేశారు.

"ఇది వెచ్చగా ఉండటం లేదురా. బాగుచెయ్యి. ఆ సంచిలో ఇంకా దూది ఉంది, అంతా దట్టించెయ్."

దస్తగిరికి ఒళ్ళు మండింది. ఇక్కడ ప్రాణం పోతోంది మొర్రో అంటుంటే ఈయనకు రజాయి కావాల్సొచ్చిందా! కానీ చేతులు ఊరుకుంటాయా, వాటి పని వాటికి కనబడింది. కుట్లు విప్పాడు. లోపల దూది అట్టకట్టి ఉంది. ఎవరో చేతగానివాళ్ళు కుట్టారని గొణుక్కుంటూ ఉండలన్నీ వేళ్ళతో విడదీశాడు, సన్నకర్రతో కొట్టి పొంగించాడు. కాసేపు చలి సంగతే మరిచిపోయాడు. ఇంతలో స్వామి సంచిలోంచి పిడికెడు దూది తీసి రజాయి మూలలోకి గట్టిగా తోశారు.

"అయ్యయ్యో, అట్టా దట్టించమాకండి సామీ! దట్టించబట్టే గదా ఇది ఇట్టా చెడింది! దూదికేం తెలుసు వెచ్చదనం? దాని మధ్యన గాలి నిలవాల. చోటుంటేనే వెచ్చన. అట్టా కూరితే అట్టముక్క కప్పుకున్నట్టే!"

"అట్టాగా," అన్నారు స్వామి. ఆయన చూపు వెళ్ళి దస్తగిరి బూట్ల మీద ఆగింది.

దస్తగిరి కూడా బూట్ల వంక చూశాడు. తన ఊళ్ళో పరుపులు కుట్టిన ప్రతి ఇంటి గుమ్మంలోనూ చెప్పిన ముక్క, తన కాళ్ళ దగ్గరికొచ్చేసరికి తట్టనే లేదు. సిగ్గు ఒక పక్కా భయం ఒక పక్కా, ముళ్ళు విప్పాడు. ఒక జత, రెండో జత, మూడో జత లాగేశాడు. వేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి.

"పోయినయ్యి సామీ! నా వేళ్ళు పోయినయ్యి!" అంటూ నిప్పుల కుంపటి వైపు పాకబోయాడు.

స్వామి భుజం పట్టుకుని ఆపారు. మొద్దుబారిన కాలికి సెగ తెలియదు, కాలిపోయినా తెలియదు. ఆ పాదాలు రెండూ తీసి తన ఒళ్ళో పెట్టుకుని, శాలువా కప్పి, అరచేతులతో పొదివి పట్టుకున్నారు.

"వద్దు సామీ, పాపం! మీరు నా కాళ్ళు..."

"కదలకు."

కింద మలుపు దగ్గర జీపు హారన్ మోగింది. వేళ్ళకు ఏమీ తెలియలేదు. దస్తగిరి తలుపు వంక చూశాడు, స్వామి మొహం వంక చూశాడు. హారన్ మళ్ళీ మోగింది. అప్పుడు బొటనవేలి కొసన ఏదో చిటుక్కుమంది. వెంటనే వేళ్ళన్నిట్లో సూదులు గుచ్చినట్టు మొదలైంది.

"అబ్బా!"

"నొప్పా?"

"నొప్పే సామీ, నొప్పే!" అని దస్తగిరి భోరున ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు.

ఆఖరి జీపు గనక డ్రైవరు కాసుకుని ఉన్నాడు, ఉండుండి హారన్ కొడుతూనే ఉన్నాడు. వేళ్ళకు రంగు తిరిగాక ఒకే ఒక జత మేజోళ్ళు వదులుగా తొడుక్కుని, గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. సన్నగా మంచు పడుతోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి రమ్మని సైగ చేశాడు. దస్తగిరి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఆ తర్వాత రానని ఊపాడు. జీపు మలుపు తిరిగింది. చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

లోపలికి వచ్చి స్వామి ఎదురుగా చతికిలబడ్డాడు. "వేళ్ళొచ్చినయ్యి సామీ. భయం మాత్రం పోలా."

స్వామి సూదిలో దారం ఎక్కించుకుంటున్నారు.

"ఇక్కడ నాకిది ముప్ఫయ్యొకటో చలికాలం. నాకూ పోలేదు. రా, ఆ కొస పట్టుకో, కుట్టేద్దాం."