దివాన్ గారి పసుపునీళ్లు

గిరిపురం జమీందారు గారి విమానం లేచిందంటే ఏడూళ్ల గేదెలు పాలు ఎగ్గొట్టేవి. అబద్ధమైతే నా మీసం గొరిగించండి! అంతటి విమానమూ, నడిపే దొర సీమకు పోవడంతో, వానాకాలమంతా కొట్టంలో పడుకుంది.

దాని ఇంజను బాధ్యత గానుగవాడు దాలప్పడిది. ఇంజను కడుపునిండా చమురు పోసి, కన్నాలన్నీ మైనపు గుడ్డలతో బిగించి, చెమ్మ చేరకుండా ఎండిన బొగ్గుల మూటలు చుట్టూ పేర్చాడు.

ఓ శుక్రవారం దివాన్ పేర్రాజు గారు బిందెడు పసుపునీళ్లతో దిగారు.

"ఆ గుడ్డలు పీకెయ్యి. ఇంజనుకు అభిషేకం చెయ్యాలి."

"వద్దు బాబూ, తుప్పు పట్టేస్తది."

"తిరిగే ఇంజను అరుగుతుంది గానీ, పడుకున్నదానికేమవుతుందిరా? చమురు కాజెయ్యడానికి ఎత్తు వేశావు. నీ తల నరికేస్తాను!"

మేమంతా కొట్టం ముందు మూగాం. దాలప్పడు నింపాదిగా మెడ వంచాడు.

"అలాగే బాబూ. మీ నడుముకున్న కత్తితోనే నరకండి."

దివాన్ గారు కత్తి లాగారు. రాలేదు. పిడి ఇద్దరు, ఒర ఇద్దరు పట్టుకుని లాగారు. నలుగురేమిటి, నలభై మంది లాగారు! ఒర మూతి నుంచి ఎర్రటి తుప్పు మాత్రం ఆయన తెల్లపంచె మీద రాలింది.

"ఎప్పుడు దూశారు బాబూ?"

"దూసే పనేముంది? ఏటా దసరాకి పసుపునీళ్లు చల్లుతున్నాంగా!"

"ఇదీ పడుకునే ఉంది కదా బాబూ. ఇంజనుకు పోయగా చమురు కాస్త మిగిలింది. ఒరలో వెయ్యమంటారా?"

దివాన్ గారు కత్తి విప్పి దాలప్పడి చేతికిచ్చారు.