అరచెయ్యి చూసిన ఓబులమ్మ

మన ఊళ్లకు రైలు రాని రోజుల్లో, శ్రావణ శుద్ధ అష్టమి, శుక్రవారం. పొద్దున ముసురు పట్టి మధ్యాహ్నానికి ఎండ కాసింది. తిథి గుర్తుంది, వారం గుర్తుంది, వాన గుర్తుంది. ఏ సంవత్సరమో మాత్రం చెప్పేవాళ్లు లేరు.

ఆ రోజు గాజుల ఓబులమ్మ పెద్దింటి మెట్లెక్కింది. అంతకుముందు జరిగినవి రెండు చెప్పాలి.

ఓబులమ్మ భుజాన గాజుల మలారం వేసుకుని మూడు ఊళ్లు తిరిగేది. మలారమంటే గాజులు గుచ్చిన తాళ్ల కట్ట. ఇప్పుడవి అద్దాల పెట్టెల్లోకి పోయాయి, అది వేరే సంగతి. ఆడవాళ్ల చెయ్యి పట్టి, బొటనవేలి కింద కండ నొక్కి, గాజు పగలకుండా ఎక్కించేది. గాజులు వేసేటప్పుడు చెడుమాట అనకూడదని ఆ వృత్తిలో కట్టడి. ఎక్కించాక "నిండు నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ" అనేది.

మొదట కుమ్మరి తిమ్మక్క. ఆమె అరచెయ్యి మందంగా, మెత్తగా, ముడతలు ముడతలుగా, కడిగిన మేక బోటిలాగా ఉంది.

"ఏందమ్మా ఇది?"

"మట్టి పిసికి పిసికి! ఇంకేముంది?" అని నవ్వింది తిమ్మక్క.

కావచ్చు అనుకుంది ఓబులమ్మ. "నిండు నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ" అంది. ఆరు నెలలకు తిమ్మక్కకు అన్నం పోవడం ఆగింది. గాజులు మోచేతి దాకా జారాయి. కడుపులో గడ్డ అన్నారు. పోయింది.

తర్వాత సున్నపుబట్టీలో పనిచేసే చౌడమ్మ. అదే బోటిలాంటి చెయ్యి.

"సున్నం తిన్న చెయ్యిలే అత్తా" అంది చౌడమ్మ.

ఓబులమ్మకు తిమ్మక్క చెయ్యి గుర్తొచ్చింది. చెప్పాలని నోరు తెరిచింది. చెడుమాట అనకూడదు గదా, మూసుకుంది. "నిండు నూరేళ్లు చల్లగా ఉండు తల్లీ" అంది. ఏడాది తిరక్కుండా చౌడమ్మా అదే గడ్డతో పోయింది.

ఇక ఆ శుక్రవారం. పెద్దింటి కోడలు కనకమ్మ చెయ్యి చాపింది. మట్టి ముట్టని చెయ్యి, సున్నం ముట్టని చెయ్యి. అయినా బోటిలాగే ఉంది. ఓబులమ్మకు దీవెన నోట రాలేదు.

"ఎక్కించవేమే? నా చెయ్యేమన్నా కొత్తా నీకు?"

"అమ్మీ, అన్నం సయిస్తోందా?"

కనకమ్మ గొంతు తగ్గించింది. "నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. నెల తప్పానేమోనని అత్త సంబరపడుతోంది."

"అది కాదమ్మీ. ఇట్లాంటి చేతులు రెండు చూసినా. ఇద్దరూ కడుపులో గడ్డతో పోయినారు. పట్నం పోయి చూపించుకో."

లోపలినుంచి అత్త ఊడిపడింది. "ముత్తైదువ చెయ్యి పట్టుకుని చావుమాటా! నీ నాలుక పడిపోను! దిగవే మెట్లు!"

మూడు ఊళ్లకూ ఆ మాట పాకింది. ఓబులమ్మకు ఒక్కరూ చెయ్యి చాపలేదు.

కనకమ్మ మొగుడితో పోరి పట్నం వెళ్లింది. డాక్టరు చేతికి లేపనం రాశాడు.

"చెయ్యి కాదయ్యా, కడుపు చూపించుకోమంది మా గాజులామె."

"మీ గాజులామె ఏ కాలేజీలో చదివిందమ్మా?" అని నవ్వుతూ కడుపు నొక్కాడు. నవ్వు ఆపాడు. గడ్డ ఇంకా చిన్నదే. సగం కడుపు కోసి తీసేశారు.

నేను చదువుకునే రోజుల్లో ఒక వైద్య విద్యార్థి చెప్పాడు, డాక్టర్లు కూడా ఇలాంటి చేతికి బోటి పేరే పెట్టారట. గరుకు చేతులన్నీ అలాంటివి కావనీ చెప్పాడు.

మూడు నెలలకు కనకమ్మ తిరిగొచ్చింది. కొంచెం కొంచెంగా తింటోంది. అరచేతులు నునుపు దేరాయి. అప్పుడు అత్తే ఓబులమ్మ గుడిసెకు నడిచి వెళ్లి చెయ్యి చాపింది.

"నాదీ చూడవే" అంది.

ఈ రోజుకీ ఆ మూడు ఊళ్లలో గాజులు వేసే ముందు అరచెయ్యి వెలుతురుకు తిప్పి చూస్తారు. "అన్నం సయిస్తోందా?" అని అడుగుతారు. ఆ తర్వాతే దీవెన. దాన్ని ఓబులమ్మ చూపు అంటారు.

ఓబులమ్మ ముసలిదై ఒక చలికాలం దగ్గుతో పోయింది. మలారం పెద్ద కూతురికి వచ్చింది. మూడు ఊళ్లలో గాజులు వేసే హక్కు చిన్న కూతురికి వచ్చింది. గుడిసె తమ్ముడికి, మేక అల్లుడికి. కొడుకొకడున్నాడు. తల్లికి ఎవరూ చెయ్యి చాపని రోజుల్లో, "నోరు మూసుకుని గాజులు వేసుంటే సరిపోయేది గదమ్మా" అని వేరు పోయినవాడు. వాడికి ఏమీ రాలేదు.